ఎవరి పేరు మీద? – డాక్టర్ పట్టాభి సీతారామయ్య స్మారకోపన్యాసం



పట్టాభి సీతారామయ్య గారి పేరు చెప్పుకుని ఈ బందరులో మాట్లాడాలంటే ఆంధ్రా బ్యాంకు గురించి మాట్లాడటం తేలిక. ఆయన రాసిన కాంగ్రెసు చరిత్ర గురించి మాట్లాడటం మర్యాద. 1939లో సుభాష్ చంద్ర బోసు చేతిలో ఓడిన ఎన్నిక ఎత్తితే సభ అయిపోయాక టీల దగ్గర కూడా వాదన తెగదు. ఈ మూడింటినీ పక్కన పెట్టి చిన్న ప్రశ్న ఒకటి అడుగుతాను. మన సర్కారు కాగితాల మీద నుంచి ఇంగ్లండు రాజు పేరు ఎప్పుడు పోయింది? ఎవరు తీసేశారు?

చాలామంది 1947 ఆగస్టు 15 అంటారు. కాదు. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళ అయిదు నెలలు ఆరో జార్జే మన రాజు. 1948 జూన్‌లో రాజగోపాలాచారి గారిని గవర్నర్ జనరల్‌గా నియమించింది ఆయనే. బందరు బజారులో బియ్యం కొన్నా, కల్తీ లేని నెయ్యి కోసం గుడివాడ సంతకు పోయినా చేతులు మారిన రూపాయి మీద ఆయన తలే ఉండేది. సింహాల రూపాయి నాణెం 1950లో గాని రాలేదు. జెండా మారింది, మంత్రులు మారారు, పేరు మాత్రం మిగిలింది. డెల్టా రైతులకు ఇది కొత్త కాదు. పొలం కొని దున్నుకుంటున్నా అడంగల్లో పేరు ఎక్కడానికి ఏళ్ళు పడుతుంది. స్వాధీనం వేరు, దస్తావేజు వేరు. నేనివాళ చెప్పేది ఆ దస్తావేజు కథ.

ఇలాంటి పేరు మార్పిడి ప్రపంచంలో అందరికన్నా దర్జాగా చేసింది అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చిన్న వలస రాజ్యం. 1776 మే 4న, అంటే మనం వినే జూలై 4కు సరిగ్గా రెండు నెలల ముందు, ప్రావిడెన్స్ పట్టణంలో దాని శాసనసభ కూర్చుంది. రాజు మీద ప్రజల విధేయతను పదిలపరచడానికి గతంలో తామే చేసుకున్న చట్టాన్ని రద్దు చేసింది. ఇకపై ఉద్యోగ నియామకాల్లో, కోర్టు రిట్లలో, ప్రమాణాల్లో మూడో జార్జి పేరు ఉండకూడదంది. ఆ చోట వలస గవర్నరు, కంపెనీ పేరు రాయమంది. అంతే. పీఠిక దాటితే పెద్ద మాటల్లేవు. స్వాతంత్ర్యం అన్న మాట కూడా లేదు. పైగా ఆ కొత్త పేరులో ‘ఇంగ్లీషు వలస’ అన్న ముక్క ఇంకా వేలాడుతూనే ఉంది! గుమాస్తాలకు పంపే సర్క్యులర్‌లా ఉంటుంది మిగతా చట్టం. నాకు అందులో నచ్చింది అదే. రాజ్యం నడిచేది ఉపన్యాసాల మీద కాదని, కాగితం పైన రాసే మొదటి వరుస మీదనని ఆ సభ్యులకు తెలుసు.

వాళ్ళకు అంత తేలిగ్గా ఎలా సాధ్యమైంది? రోడ్ ఐలండ్‌కు గవర్నరు లండన్ నుంచి రాడు. రెండో చార్లెస్ 1663లో ఇచ్చిన చార్టర్ ప్రకారం వాళ్ళే ఎన్నుకుంటారు. కాబట్టి తరమడానికి రాజప్రతినిధి లేడు, ఒక్క పేరు గీటేస్తే సరిపోయింది. తమాషా ఏమిటంటే రాజును కాదన్నవాళ్ళు రాజు ఇచ్చిన చార్టర్‌ను మాత్రం వదల్లేదు. 1843 దాకా అదే వాళ్ళ రాజ్యాంగం. ఆస్తి లేనివాడికి ఓటు లేదన్న నియమం దాని నీడలో సుఖంగా కాలక్షేపం చేసింది. దాని మీద 1842లో తిరుగుబాటు కూడా లేచింది.

ఇక మన సంగతి. మద్రాసు శాసనసభ అలాంటి చట్టం చెయ్యగలదా? 1937 జూలైలో చేపాక్‌లోని సెనేట్ హౌసులో ఆ సభ కూర్చున్నప్పటి సన్నివేశం ఊహించండి. 215 స్థానాల్లో 159 కాంగ్రెసువి. ఒంటి మీద ఖద్దరు. చాలామంది జైలుకు వెళ్ళి వచ్చినవాళ్ళు. 1930 జనవరి 26న ఊరూరా పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చదివించినవాళ్ళు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, హిందూ దేశ చక్రవర్తి అయిన రాజుగారికి, ఆయన వారసులకు నమ్మకంగా, విధేయంగా ఉంటామని ప్రమాణం చేశారు. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం ఆ ప్రమాణం చేయనిదే కుర్చీ లేదు. చేసిన చట్టానికి గవర్నర్ లార్డ్ ఎర్స్కిన్ సంతకం లేనిదే విలువ లేదు. మన కాకినాడ బులుసు సాంబమూర్తి గారు స్పీకరు పీఠం ఎక్కారు. జీవితమంతా ఆ రాజును ధిక్కరించిన మనిషి, ఆ రాజు చట్టం ఇచ్చిన పీఠం మీద కూర్చున్నారు.

ఇది కపటమా? ఆ రోజుల్లోనే ఈ ప్రశ్న గట్టిగా వచ్చింది. ప్రమాణం చేసినంత మాత్రాన స్వాతంత్ర్యపు కోరిక తగ్గినట్టు కాదని, కాంగ్రెసువాది మొదటి విధేయత దేశ ప్రజలకేనని కాంగ్రెసు కార్యవర్గం ముందే తీర్మానించింది. 1937 మార్చిలో గెలిచిన సభ్యులందర్నీ ఢిల్లీకి పిలిచి, భారతదేశ సేవకు కట్టుబడతామని వేరే ప్రతిజ్ఞ చేయించారు. అంటే రాజు ముందు ప్రమాణం చెయ్యడానికి వెళ్ళేలోపే అసలు ప్రమాణం అయిపోయింది. ఐర్లండులో డి వలేరా 1927లో సరిగ్గా ఇదే ఇబ్బందిలో పడ్డాడు. ప్రమాణం పుస్తకంలో సంతకం పెట్టి, అది ఒట్టి తంతు అని చెప్పి లోపలికి నడిచాడు. అధికారం వచ్చాక 1933లో ఆ ప్రమాణాన్నే చట్టంతో తీసేయించాడు. మనవాళ్ళకు ఆ వీలు లేదు. ఐర్లండు సభకు ఉన్న అధికారం మద్రాసు సభకు లేదు.

నన్ను అడిగితే, అది కపటం కాదు గాని సుఖమైన పని కూడా కాదు. ఆ మెలిక ప్రజలకు అర్థమయ్యేలా చెప్పింది మాత్రం తక్కువ. శాసనసభ ప్రవేశాన్ని సమర్థించినవాళ్ళు ఒక్కొక్కసారి మరీ తెలివిగా మాట్లాడారు. అయినా ఊరికే కూర్చోలేదు. 1935 చట్టం మాకొద్దు, మా రాజ్యాంగం మేమే రాసుకుంటాం, అందుకు రాజ్యాంగ సభ కావాలని 1937లోనే కాంగ్రెసు రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేశాయి. రాజుకు ప్రమాణం చేసి కూర్చున్న సభలు, ఆ రాజు చట్టాన్ని తొలగించమని అడగటం! రెండేళ్ళకు యుద్ధం వచ్చింది. మనల్ని అడక్కుండానే మనల్ని యుద్ధంలోకి దించారని నిరసన తీర్మానం చేసి, 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా ఇచ్చేసింది. రోడ్ ఐలండ్ సభ రాజు పేరు గీటేసింది. మద్రాసు సభ రాజు కుర్చీలోంచి లేచిపోయింది. పరతంత్రంలో ఉన్న శాసనసభకు అంతకన్నా గట్టి పని చేతిలో లేదు.

అయితే బందరు సంగతి వేరు. ఈ ఊరు శాసనసభల కోసం కాచుకుని కూర్చోలేదు.

ఇంగ్లండు రాజు పేరు తెలుగు నేల మీద మొదట వినబడిన చోట్లలో ఇదొకటి. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ గ్లోబ్ ఇక్కడికి వచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందే డచ్చివాళ్ళు దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు బందరు కోటను ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నాక ఈ తీరం కథ తేలిపోయింది. అంటే రాజు పేరు ఈ ఊళ్ళో మూడు వందల ఏళ్ళకు పైగా ఉండిపోయింది. దాన్ని వదిలించుకునే పని కూడా ఇక్కడ తొందరగానే మొదలైంది, గడబిడ లేకుండా.

1902లో కృష్ణా పత్రిక. 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు గారు దాని సంపాదకులు. 1910లో జాతీయ కళాశాల. కోపల్లె హనుమంతరావు గారు ప్లీడరు వృత్తి వదులుకుని దాన్ని నెలకొల్పారు, కృష్ణారావు గారూ పట్టాభి గారూ భుజం కలిపారు. అక్కడ పనిచేసిన పింగళి వెంకయ్య గారు దివి వైపు భట్లపెనుమర్రు వారు, 1921లో బెజవాడలో గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చారు. పట్టాభి గారేమో డాక్టరు. రోగులను చూస్తూ సంపాదించుకోవచ్చు. దానితో ఆగకుండా 1915లో కృష్ణా సహకార బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు అంటూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోయారు. ఆంధ్రా బ్యాంకు లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలైంది. అందులో లెక్కపెట్టినవి రాజు బొమ్మ నోట్లే, రిజిస్ట్రేషను రాజు చట్టం కిందే, సందేహం లేదు. కాని పిల్లవాడి చదువు, రైతు అప్పు, ఇంటికొచ్చే వార్త, పోయాక పెళ్ళాం పిల్లలకు అందే బీమా, ఈ నాలుగూ రాజు దగ్గర్నుంచి ఊరి చేతుల్లోకి వస్తుంటే, ఇక రాజుకు మిగిలేది శిస్తూ పోలీసూ. ఆంధ్రా బ్యాంకు పేరు కూడా 2020 ఏప్రిల్ 1న బోర్డుల మీద నుంచి దిగిపోయింది. పేర్ల సంగతి అంతే, అది మరో ఉపన్యాసం.

శిస్తూ పోలీసూ అన్నాను. పోలీసు వాటా 1930 మే నెలలో కోనేరు సెంటర్లో కనిపించింది. తోట నరసయ్య నాయుడు గారు జెండా ఎత్తబోయారు. లాఠీలు పడ్డాయి. ఆయన జెండా వదల్లేదు. స్పృహ తప్పి పడిపోయేదాకా కొట్టారు. ఆ చోట రోజూ మనం సోడా తాగుతాం, ఆటో ఎక్కుతాం. అక్కడ ఒక మనిషి విధేయత అనే మాటకు తన ఒంటితో అడ్డం నిలిచాడు. ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాడు, ఏ ప్రమాణమూ చేసినవాడు కాడు. పట్టాభి గారు ఆ ఏడాదే ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. అప్పటి క్రిమినల్ కేసుల శీర్షికలు చూసినవాళ్ళకు తెలుస్తుంది: ‘చక్రవర్తి వర్సెస్ ఫలానా’. ఫిర్యాది చక్రవర్తి, ముద్దాయి మన ఊరి మనిషి. 1942లో పట్టాభి గారిని అహ్మద్‌నగర్ కోటలో పెట్టినప్పుడు మాత్రం ఆ శీర్షిక కూడా లేదు. కేసు లేదు, విచారణ లేదు, దాదాపు మూడేళ్ళు నిర్బంధం.

విధేయత ఎవరికి అన్న ప్రశ్న నిజంగా కోర్టుకు ఎక్కింది 1945 నవంబరులో, ఎర్రకోటలో. షా నవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్ అనే ముగ్గురు ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల మీద నేరారోపణ, రాజు మీద యుద్ధం చేశారని. వాళ్ళు పూర్వం రాజు సైన్యంలో ప్రమాణం చేసినవాళ్ళే. భూలాభాయ్ దేశాయ్ వాదించిన తీరు గుర్తుంచుకోదగింది. రాజుకు చేసిన ప్రమాణానికీ, దేశానికి ఉన్న బాధ్యతకూ పోటీ వస్తే మనిషి దేశం వైపే నిలబడతాడంటూ ఆయన అమెరికా వలసలు 1776లో చేసిందాన్నే ఉదాహరణగా తెచ్చారు. ముగ్గురికీ యావజ్జీవ శిక్ష వేశారు, 1946 జనవరిలో సైన్యాధిపతే దాన్ని తీసేయాల్సి వచ్చింది. తనను ఓడించిన బోసు ఫౌజు ద్వారానే పట్టాభి గారి తరం వేసుకున్న ప్రశ్నకు బహిరంగంగా వాదన జరగడం చరిత్ర చమత్కారం.

ఇక అసలు పేరు మార్పిడి. 1946లో రాజ్యాంగ సభను ఎన్నుకున్నది రాష్ట్ర శాసనసభల సభ్యులు. ఎవరు వాళ్ళు? రాజుకు ప్రమాణం చేసి కూర్చున్నవాళ్ళు. ఆస్తో పన్నో చదువో ఉంటేనే ఓటు అన్న పద్ధతిలో గెలిచినవాళ్ళు. వాళ్ళు పంపిన సభలో పట్టాభి గారున్నారు. గుడివాడ దగ్గర దొండపాడు నుంచి హిందీ ప్రచారానికి బయల్దేరిన మోటూరి సత్యనారాయణ గారున్నారు. 1946 డిసెంబరు 13న నెహ్రూ ఆశయాల తీర్మానం పెట్టారు. 1947 జనవరి 22న సభ లేచి నిలబడి ఆమోదించింది. భారతదేశం స్వతంత్ర సర్వసత్తాక గణతంత్రం అవుతుందని ఆ తీర్మానం. వైస్రాయ్ వేవెల్ అదే ఢిల్లీలో తన భవనంలో ఉండగానే! రాజు ఇంట్లో కూర్చునే, రాజు లేని దేశం రాసుకుంటామన్నారు. రోడ్ ఐలండ్ చట్టానికి మనకున్న దగ్గర చుట్టం ఇదే. ఒక తేడా ఉంది. వాళ్ళు తక్షణం గీటేశారు. మనవాళ్ళు గీటేస్తామని మాట ఇచ్చారు.

మాట నిలబెట్టడంలో ఒక చిక్కు వచ్చింది, అక్కడే పట్టాభి గారు అధ్యక్ష స్థానంలో ఉన్నారు. 1948లో పురుషోత్తమ్ దాస్ టండన్‌ను ఓడించి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ డిసెంబరులో జైపూర్ మహాసభ. మన తెలుగువాళ్ళకు జైపూర్ అంటే భాషా రాష్ట్రాల మీద వేసిన జె.వి.పి. కమిటీయే గుర్తు. ఆంధ్ర రాష్ట్రం వాయిదా పడిన కోపం, అందులో పి అంటే మన పట్టాభే అన్న బాధ, ఇంకా చల్లారలేదు. ఆ కోపంలో మనం మర్చిపోయిన తీర్మానం ఇంకోటుంది. గణతంత్రం అయ్యాక బ్రిటన్‌తో ఇప్పటి సంబంధం మారక తప్పదనీ, అయినా కామన్వెల్త్‌లోని స్వతంత్ర దేశాలతో స్వేచ్ఛగా కలిసి ఉండటాన్ని స్వాగతిస్తామనీ జైపూర్ చెప్పింది. పూర్ణ స్వరాజ్యం అని జైళ్ళకు పోయిన సంస్థ, రాజు ఉన్న కూటమిలో కుర్చీ వేసుకుంటానంది.

దాని ఫలితం 1949 ఏప్రిల్ లండన్ ప్రకటన. భారత్ గణతంత్రమే, రాజుకు ఇక్కడ ఏ అధికారమూ లేదు, ఆ దేశాల స్వచ్ఛంద కలయికకు గుర్తుగా మాత్రం ఆయన్ని కామన్వెల్త్ అధిపతి అంటాం. మే నెలలో రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది. వ్యతిరేకించినవాళ్ళలో మౌలానా హస్రత్ మోహానీ ఒకరు. 1921లోనే అహ్మదాబాద్ కాంగ్రెసులో సంపూర్ణ స్వాతంత్ర్యం అడిగి, గాంధీగారి చేత కాదనిపించుకున్న మనిషి. అలాంటివాడు అభ్యంతరం చెబితే వినాల్సిందే. నేను విని కూడా జైపూర్ వైపే ఉంటాను. మోహానీ గారి భయం రాజు పేరు మళ్ళీ పెరటి దారిన వస్తుందని. జైపూర్ ఆ దారి మూసే వచ్చింది. విధేయత అనే ముక్క ఆ సంబంధంలో ఎక్కడా లేదు, ఉన్నది సభ్యత్వం. అంతకు ముందు కామన్వెల్త్‌లో ఉండాలంటే రాజుకు విధేయులై ఉండాలి. ఆ నియమాన్ని మార్పించి కూర్చున్నాం. తర్వాత చాలా దేశాలు మన దారిలో గణతంత్రాలై అక్కడే ఉన్నాయి.

కాగితాల మీద పేరు తొలగడం ఒక్కటొక్కటిగా సాగింది. 1948 జూన్ 22న రాజు తన బిరుదుల్లోంచి ‘భారత చక్రవర్తి’ని తీసేసుకున్నాడు. 1949 అక్టోబరు 10 నుంచి మన అప్పీళ్ళు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు పోవడం ఆగింది. జమీందారీ వ్యాజ్యాలు తరాల తరబడి ఓడలెక్కిన దారి అది. ఆఖరు దెబ్బ 1949 నవంబరు 26న. రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ ఆమోదించింది, అధ్యక్షుడు రాజేంద్ర ప్రసాద్ సంతకం చేశారు. గవర్నర్ జనరల్ ఆమోదం కోసం పంపలేదు. పంపి ఉంటే రాజు పేరు మీద అనుమతి వచ్చేది, గణతంత్రం రాజు దయతో పుట్టినట్టయ్యేది. అంతటితో ఆగకుండా 395వ అధికరణంలో, తమకు అధికారం ఇచ్చిన 1947 బ్రిటిష్ చట్టాన్నీ 1935 చట్టాన్నీ రద్దు చేశారు. తాము నిలబడ్డ మెట్టును తామే తీసేశారు. రోడ్ ఐలండ్ వాళ్ళు చార్టర్ విషయంలో చెయ్యలేని పని ఇది. ఆ నవంబరులోనే పట్టాభి గారు సభలో మాట్లాడుతూ రాజ్యాంగాన్ని రాజకీయ నావికుడి దిక్సూచితో పోల్చారు. రేవు ఊరి మనిషి కదా.

ఇదంతా ఢిల్లీ సంగతి. దివిసీమ మాటేమిటి? దివి రైతుకు రాజంటే లండన్‌లో ఉండే జార్జి కాడు, చల్లపల్లి రాజా. కౌలు, శిస్తు, వెట్టి, అన్నీ ఆ కోట వైపే. 1802లో కంపెనీ చేసిన శాశ్వత పరిష్కారంతో జమీందార్లకు సన్నదులొచ్చాయి, వాటి బరువు రైతు మెడ మీద పడింది. దాని మీద పోరాటం చేసింది ఎక్కువగా కమ్యూనిస్టులు. చల్లపల్లి పక్క మంగళాపురం చండ్ర రాజేశ్వరరావు గారి ఊరు. జమీందారీల రద్దుకు మద్రాసు శాసనసభ 1948లో చేసిన 26వ నంబరు చట్టానికి గవర్నర్ జనరల్ ఆమోదం 1949 ఏప్రిల్‌లో వచ్చింది. జె.వి.పి. నివేదిక, లండన్ ప్రకటన, ఈ ఆమోదం, మూడూ ఒకే నెల. అంటే చల్లపల్లి జమీందారీని తీసేసిన చట్టం ఇంకా జార్జి రాజు కాలపు కాగితమే. చిన్న రాజును పంపించడానికి పెద్ద రాజు ముద్ర పడింది. జమీందారీ పోయినా రాజావారి సొంత భూములు మిగిలాయి, వాటి మీద గొడవ గణతంత్రంలోనూ చాలాకాలం సాగింది.

ఇంకో కాగితం గురించి చెప్పి ముగిస్తాను. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారికి జైలు శిక్ష పడింది, రాజద్రోహం సెక్షన్ 124ఎ కింద. రాజు మీద, ఆయన ప్రభుత్వం మీద అభిమానం లేకుండా చేయడం నేరమని ఆ సెక్షన్. గణతంత్రం వచ్చాక దానిలోంచి రాజు పేరు తీసేశారు, ప్రభుత్వాన్ని ఉంచారు. 2022లో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టమంది. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతితో పాటు అదీ పోయింది. కొత్త సంహితలో 152వ సెక్షన్ వచ్చింది. రెండింటికీ తేడా ఎంతో చెప్పడానికి వచ్చే ఏడు ఇదే వేదిక మీదికి ఒక మంచి ప్లీడరు గారిని పిలవండి. నేను కింద మొదటి వరుసలో కూర్చుని వింటాను.